డిసెంబరు ఫారం, ఒకటో తరగతి

మాంటెవిడియో నుంచి ఫారాలొచ్చాయి,
వానకి అంచులుబ్బిన కవర్లో.
ఒకటో తరగతి వాళ్ళు నలుగురు, నాలుగు కాగితాలు.
ఒక్కోదాంట్లో ఇరవై రెండు గళ్ళు.
"ఏడాది ముగిసేసరికి" అని మొదలవుతుంది ప్రతి వాక్యం,
ఏడాది ఒక వంతెన అయినట్టు,
పిల్లలంతా ఒకేసారి అవతలి ఒడ్డున దిగుతారన్నట్టు.
మా వాగు మీద వంతెన లేదు.
జూన్‌లో నీళ్ళు పొంగి తొమ్మిది రోజులు బడి మూతబడింది.
ఆ తొమ్మిది రోజులకి గడి లేదు.

మాతే బుర్రలో మూడోసారి వేడినీళ్ళు పోసుకుని కూర్చున్నాను.

ఎవెలిన్‌ది తేలిక.
నూరు దాకా లెక్క, టిక్కు.
సొంతంగా మూడు వాక్యాలు, టిక్కు.
అది ఆరు రాస్తుంది,
ఆరింటిలోనూ ఒకే గుర్రం పరిగెడుతుంది.

రోసియో ఆగస్టులో సరిహద్దు ఊరి నుంచి వచ్చింది,
స్పానిష్‌లో మొదలుపెట్టిన మాట
పోర్చుగీసులో ముగిస్తుంది,
మధ్యలో ఎక్కడా తడబడదు.
"భాష స్పష్టంగా మాట్లాడును."
ఏ భాష? అడగడానికి ఫారానికి నోరు లేదు.
పెన్ను మూతి కొరుక్కుని టిక్కు పెట్టేశాను.

కామిలో:
మార్చిలో తెల్ల కోటు మీద నీలం రిబ్బను ముడి
నలుగురికీ నేనే వేసేదాన్ని.
నిన్న వాడు తనది తనే కట్టుకుని,
నా బూటు లేసు ఊడి ఉండటం చూసి
వంగి అదీ బిగించాడు.
ఇరవై రెండు గళ్ళూ రెండుసార్లు వెతికాను.
ఎక్కడా పట్టలేదు.

నాహువెల్ కాగితం అడుక్కి తోశాను.
అయినా అదొక్కటే మిగిలింది.

వాడికి 'మ' తెలుసు, 'నో' తెలుసు.
పక్కపక్కన పెడితే 'మనో', అంటే చెయ్యి.
వాడి దగ్గర మాత్రం ఆ రెండూ
చెయ్యీ చెయ్యీ పట్టుకోవు.

గొర్రెల్ని లెక్కపెట్టడం వచ్చుగా, అంటారు అందరూ.
వచ్చు. మంద తలుపు దాటుతుంటే
మూడేసి మూడేసి కళ్ళతోనే ఏరుకుంటాడు,
రెండు వందల పద్నాలుగులో ఒకటి తగ్గితే
వాళ్ళ నాన్న కంటే ముందు వాడి మెడ తిరుగుతుంది.
నేనూ ఆ మాటే చెప్పి తప్పించుకోవచ్చు.
కానీ ఉన్ని బేరగాడు చాపిన కాగితం మీద
వాళ్ళ తాత సంతకం చోట గీసిన వంకర గీత
నేను చూశాను.
గొర్రెల లెక్క ఆ గీతని సరిచెయ్యలేదు.

ఇక్కడి బీళ్ళలో తీతువు
గుడ్లు ఒకచోట పెట్టి ఇంకోచోట అరుస్తుంది.
కుక్కా నక్కా అరుపు వెంట పోయి
ఉత్త గడ్డి వాసన చూసి తిరిగొస్తాయి.
ఏడాదంతా నేనూ అదే చేశానేమో,
పాఠం దగ్గరే వెతికాను,
వాడు కుర్చీ కిర్రుమనిపించే చోటే.

మొన్న గురువారం, వంటగది వెనక,
పశువులు నాకే ఉప్పు బస్తా ముందు నిలబడి
అక్షరం మీద వేలు, తర్వాత అక్షరం మీద వేలు.
పెదవులు కదిలాయి.
"సాల్" అన్నాడు. ఉప్పు.
నా వైపు చూడలేదు.
ఎవరికీ చెప్పకుండా పరిగెత్తాడు బంతి దగ్గరికి.

చదివాడా?
బస్తాలో ఏముందో పుట్టినప్పటి నుంచీ తెలుసు కాబట్టి అన్నాడా?
రెండు రాత్రులుగా ఇదే నమిలి నమిలి
మాతే చేదు కూడా తెలియడం లేదు.

ఫారంలో రెండే మాటలు: వచ్చు, రాదు.
అంచున చోటు చూసుకుని
చిన్నగా రాశాను: ఇంకా.
ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ చేస్తుంది,
ఇంకా రాలేదా, ఇంకా వస్తుందా అని.
ఆ మాటకి రెండు తలుపులున్నాయి,
రెండూ తీసే ఉంచాను.

కవరు అంటించలేదు. బడి మరో నాలుగు రోజులుంది.
రేపు పిల్లలు రాకముందే సుద్దముక్క తీసుకుని వెళ్ళి
బస్తా మీద నడిమి అక్షరం చెరిపేసి
దాని చోట ఒక సున్నా చుడతాను.
అప్పుడది 'సోల్'. సూర్యుడు.
ఉప్పు వాసన మాత్రం అలాగే ఉంటుంది.

తలుపు చాటున నిలబడి వింటాను
వాడేమంటాడో.